కడుపు నొప్పికి హిప్నోథెరపీ: మొదటి ఫోన్ కాల్ నుంచి చివరి సెషన్ దాకా నా అనుభవం

ఫిబ్రవరి మూడో వారంలో నా హిప్నోథెరపీ కోర్సు అయిపోయింది. మనిషిని హిప్నాసిస్ అనే ఏకాగ్రత స్థితిలోకి తీసుకెళ్లి, మాటల సూచనలతో చేసే చికిత్స ఇది. అన్నీ ఇంకా బాగా గుర్తున్నప్పుడే రాసిపెడదామని కూర్చున్నాను. మొదలుపెట్టే ముందు నేను వెతికితే రెండు రకాల రాతలే దొరికాయి. కొందరు అద్భుతం జరిగిందన్నారు, కొందరు అంతా మోసమని కొట్టిపారేశారు. ఆ గదిలో ఏం చేస్తారు, కళ్లు మూసుకున్నాక లోపల ఎలా ఉంటుంది, తేడా తెలియడానికి ఎన్నాళ్లు పడుతుంది, మధ్యలో నొప్పి తిరగబెడితే ఏంటి? నాకు కావలసిన ఈ విషయాలు ఎవరూ రాయలేదు.

నాది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్), పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా పేగులు ఇబ్బంది పెట్టే జబ్బు. కొన్నేళ్లుగా ఉంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, ఒక వారం విరేచనాలు, ఇంకో వారం మలబద్ధకం. ఎక్కడికి బయల్దేరినా ముందు అక్కడ బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కోవాల్సిందే. రక్త పరీక్షలు, మల పరీక్ష, స్కానింగ్, పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ అన్నీ అయ్యాయి. అన్నీ నార్మల్. రిపోర్టు చూసి ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునేవారు. నాకేమో ఏడుపొచ్చేది. ఏదో ఒకటి కనిపిస్తే దానికి మందేసుకుని బయటపడొచ్చు కదా అనిపించేది.

ఆగస్టులో గ్యాస్ట్రో డాక్టర్ గారు నా ఫైలు మొదటి నుంచి తిరగేసి, "మందులు మార్చి మార్చి చూశాం. ఆహారంలో మార్పులూ చేశాం. హిప్నోథెరపీ ప్రయత్నిస్తారా?" అన్నారు. ఆ మాటకు నా మొహం మాడిపోయి ఉంటుంది. ఇదంతా నా ఊహ అని చెబుతున్నారని అనుకున్నాను. ఆయనకది అర్థమైంది. "మీ నొప్పి నిజమైనదేనండి. పేగుల నుంచి మెదడుకు వచ్చే మామూలు కబుర్లు కూడా మీకు నొప్పిగా తెలుస్తున్నాయి. ఆ దారిని నెమ్మదింపజేసే చికిత్స ఇది" అన్నారు. మాంచెస్టర్‌లో పీటర్ హోర్వెల్ అనే వైద్యుడు 1984లోనే తీవ్రమైన ఐబీఎస్ ఉన్న 30 మందిపై దీన్ని పరీక్షించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారని చెప్పారు. ఏడాదిపాటు మందులు వాడినా తగ్గనివారి విషయంలో దీన్ని ఆలోచించవచ్చని బ్రిటన్‌లో నైస్ (NICE) అనే సంస్థ డాక్టర్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో ఉందని కూడా అన్నారు. మందులు మాత్రం ఆపొద్దన్నారు.

ఇంట్లో చెబితే అమ్మ భయపడిపోయింది. "ఎవరో కళ్లలోకి చూస్తే నువ్వు వాళ్లు చెప్పినట్టల్లా ఆడతావా? వద్దే తల్లీ" అంది. తమ్ముడైతే "అక్కా, ఏటీఎం పిన్ చెప్పమంటే చెప్పేస్తావేమో, నేనూ వస్తా" అన్నాడు. వాడు నిజంగానే కంగారుపడ్డాడు. నా భయం వేరు. ఎవరికీ చెప్పని విషయాలు నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేస్తాయేమోనని. దాని వెనక ఇంకోటి కూడా ఉంది: అందులోంచి లేవలేకపోతే?

థెరపిస్టును వెతకడానికే సెప్టెంబరు దాకా పట్టింది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం. హిప్నోథెరపిస్టునని బోర్డు పెట్టుకోవడానికి చాలాచోట్ల ఏ డిగ్రీ అడగరు. వారాంతపు కోర్సు చేసినవాళ్లూ ఉంటారు, ఏళ్ల తరబడి మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లూ ఉంటారు, బోర్డు మీద ఇద్దరిదీ ఒకే పేరు. నేను ఫోన్ చేసిన ఒకతను నా జబ్బు పేరు పూర్తిగా వినకుండానే ఒక్క సిట్టింగ్‌లో గ్యారంటీ అన్నాడు. మొత్తం ప్యాకేజీ డబ్బు ముందే కట్టాలన్నాడు. నొప్పికి మూలం గత జన్మలో ఉండొచ్చు, అక్కడికి తీసుకెళ్తానన్నాడు. వేసుకుంటున్న మాత్రలు ఆ రోజు నుంచే ఆపేయమన్నాడు. నేను ఫోన్ పెట్టేశాక కూడా వారం రోజుల పాటు మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. నొప్పితో విసిగిపోయి ఉన్న మనిషికి గ్యారంటీ అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే అతని మీద నాకు ఇప్పటికీ కోపం.

ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేసినా ముందు అడిగింది ఒకటే: హిప్నాసిస్ రాకముందు మీరేంటి? డాక్టరా, సైకాలజిస్టా, సైకియాట్రిస్టా? హిప్నాసిస్ లేకుండా కూడా నా సమస్యకు వైద్యం చేయగల అర్హత ఉన్న మనిషి కావాలనుకున్నాను. చివరికి ఒక క్లినికల్ సైకాలజిస్టు దొరికారు. ఐబీఎస్ ఉన్నవారికి ఈ పద్ధతిలో చికిత్స చేసిన అనుభవం ఉంది. ఆవిడ మొదట అడిగింది, గ్యాస్ట్రో డాక్టర్ రాసిన ఉత్తరం ఉందా అని. ఆ ప్రశ్నతోనే నాకు సగం నమ్మకం కుదిరింది. అపాయింట్‌మెంట్ మాత్రం నెలన్నర తర్వాత ఇచ్చారు.

ఆ నెలన్నరలో దొరికిందల్లా చదివాను. నాకు బాగా పనికొచ్చింది మెస్మర్ కథ. హిప్నాసిస్ చరిత్ర అతనితోనే మొదలవుతుంది. 18వ శతాబ్దంలో పారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడు తన దగ్గర ఒక అయస్కాంత శక్తి ఉందని, దానితో రోగాలు నయం చేస్తానని పేరు తెచ్చుకున్నాడు. 1784లో ఫ్రాన్స్ రాజు వేసిన కమిషన్‌లో అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ కూడా ఉన్నారు. ఫ్రాంక్లిన్ తోటలో ఒక చెట్టుకు ఆ శక్తి ఎక్కించామని చెప్పి, ఒక కుర్రాడికి కళ్లకు గంతలు కట్టి చెట్ల దగ్గరికి ఒక్కొక్కటిగా తీసుకెళ్లారు. శక్తి ఎక్కించని చెట్టు దగ్గరే వాడు స్పృహ తప్పాడు. అలాంటి శక్తి ఏదీ లేదు, ఇదంతా ఊహ పని అని కమిషన్ తేల్చింది. చాలామంది కథను అక్కడితో ఆపేస్తారు. నేను మాత్రం ఆ కుర్రాడి దగ్గరే ఆగిపోయాను. శక్తి లేదు సరే, వాడు పడిపోయింది మాత్రం నిజం. ఎదుటి మనిషి చేతుల్లోంచి ఏదీ రాలేదంటే, జరిగిందంతా వాడి లోపలే జరిగిందన్నమాట. నన్ను ఎవరో లోబరుచుకుంటారన్న భయం అప్పుడు కొంత తగ్గింది.

అక్టోబరులో మొదటిసారి వెళ్లాను. గుండె దడదడలాడుతుంటే కూర్చున్నాను. ఆ రోజు హిప్నాసిస్సే చేయలేదు! గంటకు పైగా ప్రశ్నలే. నొప్పి ఎప్పుడు మొదలైంది, నిద్రలోంచి లేపుతుందా, బరువు తగ్గానా, మలంలో రక్తం పడిందా. తర్వాత మూర్ఛ ఉందా, ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయా, తీవ్రమైన డిప్రెషన్ ఎప్పుడైనా వచ్చిందా. భ్రమలు, భ్రాంతులు ఉండే మానసిక జబ్బుల్లో ఇది మంచిది కాకపోవచ్చని, అందుకే ముందే అడుగుతామని చెప్పారు. చివర్లో పెన్ను పక్కన పెట్టి, "ఇప్పుడు మీ భయాలు చెప్పండి" అన్నారు.

నావీ, అమ్మవీ, తమ్ముడివీ అన్నీ చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. ఒక్కోదానికి జవాబు చెప్పారు. "మీరు నిద్రపోరు. మెదడు తరంగాలు కొలిస్తే మెలకువగా ఉన్నట్టే కనిపిస్తుంది. నా మాట వినపడుతూనే ఉంటుంది. నచ్చకపోతే కళ్లు తెరవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. నేనే మధ్యలో గదిలోంచి వెళ్లిపోయాననుకోండి, కాసేపటికి మీ అంతట మీరే లేస్తారు, లేదా కునుకు తీసి లేస్తారు. అందులో ఇరుక్కుపోయినవాళ్లు లేరు" అన్నారు. రహస్యాల గురించి అడిగితే, హిప్నాసిస్‌లో ఉన్న మనిషి కావాలనుకుంటే అబద్ధం కూడా చెప్పగలడన్నారు. మరి స్టేజీ మీద కోడిలా కూసేవాళ్లో అని అడిగాను. "వందల మంది ప్రేక్షకుల్లో ఎవరు ముందుకొస్తారు? ఉత్సాహం ఉన్నవాళ్లు. వాళ్లలోనూ చిన్న చిన్న పరీక్షలు పెట్టి, బాగా స్పందించేవాళ్లనే ఉంచుకుని మిగతావాళ్లను కిందికి పంపేస్తారు. ఆపైన అంతమంది చూస్తుంటే కాదనడం కష్టం" అన్నారు.

ఒక విషయం ఆవిడే ప్రత్యేకంగా చెప్పారు. మర్చిపోయిన జ్ఞాపకాలు తవ్వితీయడం తను చేయనన్నారు. హిప్నాసిస్‌లో గుర్తొచ్చినవి ఎక్కువ నిజమై ఉంటాయని ఏమీ లేదు, కానీ అవి నిజమేనన్న నమ్మకం మాత్రం మనిషికి గట్టిపడుతుందట. అమెరికాలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1982లోనే హిప్నాసిస్ ద్వారా గుర్తు తెచ్చుకున్న విషయాలపై సాక్ష్యం చెల్లదని తీర్పు ఇచ్చిందని చెప్పారు. అప్పుడు గత జన్మ ప్యాకేజీ అతను గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

రెండోసారి వెళ్లినప్పుడు, హిప్నాసిస్‌కు నేను ఎంత స్పందిస్తానో చూసే ఒక పరీక్ష పెట్టారు. 1959లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వైట్‌జెన్‌హాఫర్, హిల్గార్డ్ అనే మనస్తత్వవేత్తలు తయారుచేసిన కొలబద్ద లాంటిదేనట, నాకు దాన్ని కుదించి చేశారు. కళ్లు మూయించి, కాసేపు నిదానంగా మాట్లాడి, చాచిన చేతిలో బరువు ఉన్నట్టు అనుకోమన్నారు. నా చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. నేను దించుతున్నానో అదే దిగుతోందో నాకే సరిగ్గా తెలియలేదు. ఆ అయోమయం నాకు కొత్త. తర్వాత చెయ్యి బిగుసుకుపోయింది, వంచలేరు అన్నారు. కొంచెం గట్టిగా ప్రయత్నిస్తే వంగిపోయింది. చెవి దగ్గర దోమ తిరుగుతోంది అన్నారు. నాకు ఏ దోమా వినిపించలేదు. పరీక్ష ఫెయిలయ్యానేమో అని భయమేసింది. మధ్యరకం అన్నారు. ఎక్కువమంది ఇక్కడే ఉంటారట. చాలా లోతుగా వెళ్లేవాళ్లూ, అసలు స్పందించనివాళ్లూ తక్కువ. దానికీ తెలివికీ, మనోబలానికీ సంబంధం లేదట. స్టాన్‌ఫర్డ్‌లో కొందరిని 25 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే స్కోర్లు పెద్దగా మారలేదని కూడా చెప్పారు. మనసు బలహీనంగా ఉన్నవాళ్లే లోబడతారన్న మాటను నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది పూర్తిగా తప్పని ఆ రోజు తెలిసి చాలా ఊరట కలిగింది.

అసలు చికిత్స నవంబరులో మొదలైంది. రెండు వారాలకొక సెషన్, మధ్యలో రోజూ ఇంట్లో ఆడియో వినాలి. అమెరికాలోని నార్త్ కరోలినాలో రూపొందించిన పద్ధతి ఇలాగే ఉంటుందట, మూడు నెలల్లో ఏడు సెషన్లు. మాంచెస్టర్ పద్ధతిలో పన్నెండు దాకా ఉంటాయి. నాకు ఏడింటిదే ఎంచుకున్నారు.

మొదటి సెషన్ నాకు నిరాశే మిగిల్చింది. వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగోడ మీద ఒక చుక్కను చూడమన్నారు. రెప్పలు బరువెక్కాక మూసుకోమన్నారు. పాదాల నుంచి తల దాకా ఒక్కో భాగాన్నీ వదులు చేయించారు. తర్వాత అంకెలు లెక్కపెట్టారు. గొంతు నిదానంగా, ఒకే తీరున సాగింది. నేనేమో ఎప్పుడు స్పృహ పోతుందా అని లోపల కాచుకుని కూర్చున్నాను. పోలేదు. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. పక్కగదిలో ఎవరిదో ఫోన్ మోగుతోంటే, ఎవరైనా తీయొచ్చు కదా అనుకున్నాను. ముక్కు దురద పెడితే గోక్కున్నాను. నా మీద ఇది పనిచేయలేదని తేల్చేసుకున్నాను. కళ్లు తెరిచాక ఎంతసేపైందని అడిగారు. పది నిమిషాలు అన్నాను. అరగంట దాటింది. గడియారం చూశాక కూడా నమ్మబుద్ధి కాలేదు.

ఆ స్థితి ఎలా ఉంటుందని చాలామంది అడిగారు. సెలవు రోజు పొద్దున్నే మెలకువ వచ్చినా కళ్లు తెరవకుండా పడుకుంటాం చూడండి, ఇంట్లో చప్పుళ్లన్నీ వినిపిస్తుంటాయి, కావాలంటే లేవొచ్చు, లేవాలనిపించదు. నాకు దానికి దగ్గరగా అనిపించింది. ఒక్క తేడా ఉంది. అప్పుడు ధ్యాస చెదిరి ఉంటుంది, ఇక్కడ మాత్రం ఆవిడ చెప్పే ఒక్క విషయం మీదే నిలుస్తుంది.

కొన్ని చిన్న విషయాలు ముందే తెలిసుంటే బాగుండేది. ఒళ్లు చల్లబడుతుంది, కప్పుకోవడానికి ఏదైనా తీసుకెళ్లండి. నోట్లో ఉమ్మి ఊరుతుంది, మింగితే ఏమీ చెడిపోదు. కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందే తీసేయండి. బాత్రూమ్‌కు వెళ్లొచ్చి కూర్చోండి, నాలాంటి కడుపు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అయిపోయాక కాసేపు కాళ్లు మొద్దుబారినట్టు ఉంటాయి కాబట్టి వెంటనే బండి నడపొద్దు. ఆఫీసులో పూట సెలవు పెట్టాల్సి వచ్చేది, ఆ రోజు తిరిగి పనికి కూర్చోవడం నా వల్ల కాలేదు.

డిసెంబరు మొదట్లో జరిగింది మాత్రం బాగా గుర్తుండిపోయింది. ఆ రోజు ఆవిడ కొత్తగా, మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఒక్కో మెట్టుకూ ఇంకా లోతుగా అంటూ. నాకు ఎత్తులంటే భయం. మెట్లు దిగేటప్పుడు కళ్లు తిరుగుతాయి. ఆ విషయం ఆవిడకు చెప్పలేదు, చెప్పాల్సినంత పెద్దదని తోచలేదు. రెండో మెట్టుకే నా భుజాలు బిగిశాయి, ఊపిరి పైకి వచ్చేసింది. మూడోదానికి నా కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. గది కనిపించింది, ఆవిడ కనిపించారు, వెంటనే మాట ఆపేశారు. నేను కంగారుగా సారీ చెబుతుంటే, "సారీ ఎందుకు? మీకు నచ్చనిదాన్ని మీరు ఒప్పుకోలేదు. మొదటి రోజు నేను మాటల్లో చెప్పింది ఇప్పుడు మీరే చూశారు" అన్నారు. అప్పుడు చెప్పాను ఎత్తుల భయం గురించి. మెట్లు తీసేసి, చదునైన దారిలో నడుస్తున్నట్టు మార్చారు.

ఇంటికొచ్చి తమ్ముడికి ఇదే చెప్పాను. ఒక మెట్టే దిగించలేకపోయారురా, పిన్ ఏం చెప్పిస్తారు అని. వాడి భయం ఆ రోజుతో తీరింది. నాకూ ఏదో వదిలింది. తలుపు తెరిచే ఉందని కళ్లారా చూశాక, లోపల ఉండటం తేలికైంది. ఆ సెషన్ తర్వాత నుంచే నేను కాపలా కాయడం మానేశాను. చికిత్స నాకు నిజంగా పట్టింది కూడా అప్పటి నుంచే.

కడుపు కోసం చెప్పే సూచనలు వినడానికి చాలా మామూలుగా ఉంటాయి. పొట్ట మీద చేతులు పెట్టుకుని, చేతుల్లోని వెచ్చదనం లోపలికి దిగుతున్నట్టు గమనించాలి. పేగుల కదలికను ఒక నదిలా ఊహించుకుని, దాని వేగాన్ని మనకు సరిపడేలా మార్చుకోవాలి. నాకు నది కనిపించేది కాదు. కళ్లు మూసుకుంటే నల్లగా ఉంటుంది, అంతే. చాలా బెంగపడ్డాను. బొమ్మ కనపడాల్సిన పనిలేదు, చప్పుడు విన్నా చాలు, చల్లగాలి తగిలినా చాలు అన్నారు. నాకు నీటి చప్పుడు కుదిరింది. వెచ్చదనం అయితే నిజంగానే తెలిసేది, పొట్ట వదులై గుడగుడమని శబ్దాలు వచ్చేవి. మొదట్లో సిగ్గుపడ్డాను. మంచిదే అన్నారు.

నొప్పి తగ్గుతుందంటే, నొప్పి లేదని నన్ను నేను నమ్మించుకోవడమా అని ఒకసారి గట్టిగానే అడిగాను. అప్పుడు ఆవిడ 1997లో మాంట్రియల్‌లో రెయిన్‌విల్ బృందం చేసిన ప్రయోగం చెప్పారు. కొందరి చేతులను బాధ పుట్టించేంత వేడి నీళ్లలో పెట్టించి, హిప్నాసిస్‌లో ఆ నొప్పి ఎంత దుర్భరంగా ఉందన్నదాన్ని మాత్రమే పెంచుతూ తగ్గిస్తూ సూచనలు ఇచ్చారట. స్కాన్‌లో చూస్తే, నొప్పి ఎక్కడ, ఎంత అని నమోదు చేసే భాగంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. బాధగా అనిపించడానికి సంబంధించిన యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగంలో మాత్రం మార్పు కనిపించింది. అంటే ఇది నటనా కాదు, సర్దిచెప్పుకోవడమూ కాదు. ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పనిది నా నొప్పి గురించి ఆ రోజు తెలిసింది.

ఇంటి దగ్గర ఆడియో వినడమే అన్నిటికంటే కష్టం. సుమారు ఇరవై నిమిషాలు, రోజూ ఒకే మాటలు. రెండో వారానికే విసుగొచ్చింది. రాత్రి మంచం మీద వింటే నిద్రపోయేదాన్ని. నిద్రపోతే సాధన కింద లెక్క కాదు, కూర్చుని వినండి అన్నారు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కుర్చీలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఒకరోజు అమ్మ పక్కనే కూర్చుని మొత్తం చూసింది. మధ్యలో "ఏమే, బానే ఉన్నావా?" అని అడిగితే కళ్లు మూసుకునే "ఆఁ, ఉన్నా" అన్నాను. "ఇంతేనా!" అంది. తర్వాత ఆ సమయంలో టీవీ సౌండు తగ్గించడం తనే మొదలుపెట్టింది.

ఒక సెషన్‌లో కారణం లేకుండా కన్నీళ్లు వచ్చాయి. ఏ జ్ఞాపకమూ రాలేదు, ఏ రహస్యమూ బయటపడలేదు. ఇన్నేళ్లు బిగబట్టుకుని ఉన్న పొట్ట వదులైతే ఏడుపొచ్చింది, అంతే అనుకుంటున్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. కళ్లు తుడుచుకోవడానికి కాగితం అందించి, ఆగుదామా సాగుదామా అని మాత్రం అడిగారు. సాగుదామన్నాను.

డిసెంబరు చివర్లో నొప్పి తిరగబెట్టింది. ఆఫీసులో ఏడాది చివరి లెక్కల టెన్షన్, వారంపాటు మునుపటిలాగే మెలికలు తిరిగాను. డబ్బంతా నీళ్లపాలైందని ఏడ్చాను. మానేద్దామనే వెళ్లాను. ఆవిడ నేను రోజూ నొప్పి వివరాలు రాసుకునే డైరీ తెరిచి, పాత వారాలతో పక్కపక్కనే పెట్టి చూపించారు. నొప్పి తీవ్రత అంతే ఉంది, కానీ రోజంతా ఉండేది ఇప్పుడు కొన్ని గంటలకే దిగుతోంది. నేనది గమనించనే లేదు. డైరీ రాయడం దండగ అనుకునేవాళ్లకు ఈ ఒక్క మాట చెబుతున్నాను, రాయండి. తగ్గుదల మెల్లగా వస్తే మనకు తెలియదు.

ఖర్చు సంగతి. మొదటి సంప్రదింపుకు ఫీజు ఎక్కువ, తర్వాత ప్రతిసారీ ఒకే ఫీజు. అన్నీ కలిపితే నా కొలనోస్కోపీకి అయినదానికంటే ఎక్కువైంది. నా బీమా పైసా ఇవ్వలేదు. మీ పాలసీలో ఏముందో మొదలుపెట్టక ముందే రాతపూర్వకంగా అడగండి. ఆడియోలకు వేరే డబ్బు తీసుకోలేదు. ఏ సెషన్ డబ్బు ఆ సెషన్‌కే ఇచ్చాను, ముందుగా కట్టించుకోలేదు. ఆహార నియమాలు ఇంకా ప్రయత్నించనివారు అది ముందు చూడటం మంచిదని నా ఉద్దేశం. పేగుల్లో సరిగ్గా జీర్ణం కాక గ్యాస్ పుట్టించే కొన్ని పిండిపదార్థాలను తగ్గించి తినే పద్ధతిని లో ఫాడ్‌మ్యాప్ ఆహారం అంటారు. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో దాన్నీ హిప్నోథెరపీనీ పోల్చి చూస్తే రెండిటికీ ఇంచుమించు ఒకేలా మెరుగుదల కనిపించింది. నాకు ఆహారంతో తగ్గలేదు కాబట్టి ఇటు వచ్చాను.

ఫలితం ఉన్నదున్నట్టు చెబుతాను. ఐబీఎస్ తీవ్రతను 500కు కొలిచే ప్రశ్నపత్రం ఒకటుంది. 300 దాటితే తీవ్రం. అక్టోబరులో నాది 320, ఫిబ్రవరిలో 190. 50 తగ్గినా నిజమైన మెరుగుదలగా లెక్కిస్తారు. జబ్బు పోలేదు. ఉబ్బరం పెద్దగా తగ్గలేదు. నొప్పి వచ్చే రోజులు తగ్గాయి, వచ్చినప్పుడు భయం బాగా తగ్గింది. పొట్టలో మెలిక మొదలవగానే ఇంతకుముందు గుండె దడ, చెమటలు, వాటితో నొప్పి ఇంకా ఎక్కువయ్యేది. ఇప్పుడు చెయ్యి పొట్ట మీదకు వెళ్తుంది, ఊపిరి నిదానిస్తుంది. మాంచెస్టర్‌లో చికిత్స పొందిన 204 మంది ఫలితాలు 2003లో వచ్చాయి. అందులో 71 శాతం మందికి మేలు జరిగింది, వాళ్లలో 81 శాతం మందికి ఆ మేలు తర్వాత కూడా నిలిచింది. మేలు జరగనివాళ్లూ ఉన్నారని ఆ అంకెల్లోనే ఉంది. నాకు పూర్తిగా తగ్గకపోయినా, ఆ 71లో నేనూ ఉన్నానని నా లెక్క.

మార్చిలో గ్యాస్ట్రో డాక్టర్ గారిని కలిశాను. రెండు మాత్రల్లో ఒకటి తగ్గించారు, రెండోది కొనసాగించమన్నారు. ఆడియో ఇప్పుడు వారానికి మూడు నాలుగు రోజులు వింటున్నాను. నొప్పి మళ్లీ పెరిగితే ఒకటి రెండు సెషన్లకు రమ్మని థెరపిస్టు మేడమ్ చెప్పారు. మే నెలలో ఒకసారి చూసుకోవడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.